ఎండిన సాలెపురుగులు

సూరత్‌లోని పాండేసరలో చలికాలం వచ్చిందని మాకు చెప్పేది పోంక్. లేత జొన్నగింజలు కాల్చి అమ్మే బండ్లు రోడ్డెక్కితే అమ్మ పెట్టెలోంచి దుప్పట్లు తీస్తుంది. మనిషికి ఒకటి చాలు, అంతకు మించిన చలి ఇక్కడ పడదు. ఈసారి ఆ బండ్లు ఇంకా రాకముందే, దీపావళికి మా వదిన సోలన్ నుంచి వచ్చింది. మా మేనత్త కూతురు. కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో నాకంటే రెండు తరగతులు ముందు చదివింది. నవ్‌సారిలో ఉద్యానశాస్త్రం పూర్తిచేసి, ఇప్పుడు హిమాచల్‌లో ఒక పూలతోటలో పాలీహౌస్‌లు చూసుకుంటోంది. ఆమె సంచిలో ఒక కాగితం పొట్లం, అందులో పది ఎండుగడ్డలు. బాపు అడిగి తెప్పించుకున్నవి.

బాపు ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడి డైయింగ్ మిల్లులోనే చేశాడు. మొదట గుడ్డకు రంగెక్కించే జెట్ మిషన్ మీద, తర్వాత ప్రింటింగ్‌లో. ఆయన చీరల మీద అచ్చు వేసిన పూలలో ఒకటుంది. రేకు మీద రేకు, ఉల్లిపొరల్లా లెక్కలేనన్ని, నడుమ ఆకుపచ్చ కన్ను. గులాబీ అనే అనుకున్నాడు. మిల్లులో డిజైన్‌కు నంబరుంటుంది, పేరుండదు. పోయిన ఫాల్గుణంలో వదిన పంపిన ఫోటోలో అదే పువ్వు నేలలోంచి లేచి నిలబడి ఉంది. ఫోన్ చేతిలో పట్టుకుని బాపు చాలాసేపు కదల్లేదు. దాని పేరు రానంకులస్ అని మా ఇంట్లో ఆరోజే తెలిసింది.

వదిన గడ్డలు తెచ్చిన సాయంత్రం డాబా మీద వాళ్ళిద్దరూ వాదించుకున్నది, నాకు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

వదిన: తెమ్మన్నవని తెచ్చిన మామా. గని ఇక్కడ పెట్టుడు నాకిష్టం లేదు. నీకు చూపెట్టి మళ్ళ నా వెంబడి తీస్కపోత.

బాపు: ఇంటికొచ్చినయి మళ్ళ తీస్కపోతరా బిడ్డా? కూసో. ముందుగాల చూడనియ్. ఇదేంది, ఎండిపోయిన సాలెపురుగు లెక్కుంది.

వదిన: చూసినోళ్ళు శానమంది గట్లనే అంటరు. ఆ కాళ్ళన్నీ దీని వేర్లే. తిండంత అండ్లనే దాసుకుంటది. నీళ్ళల్ల నానబెడితె మూడు నాలుగు గంటలల్ల రెండింతలు ఉబ్బుతది.

బాపు: సాలెపురుగు సాలోళ్ళ ఇంటికే వచ్చింది. ఇక దీన్ని పంపుడు లేదు.

వదిన: నవ్వులాట కాదు మామా. ఇది ఇక్కడ బతకది. బతికినా, నువ్వు ఫోటోల చూసినట్టు పూయది. నేను రోజు వేల మొక్కలను చూస్తున్న. ఒక మొక్క కష్టపడుడు ఎట్లుంటదో నాకు తెలుసు.

బాపు: చలి పువ్వు అంటవ్, అంతేనా?

వదిన: కాదు. అందరు తప్పు పోయేది అక్కడ్నే. ఇది చలిదేశం పువ్వు కాదు. దీని పుట్టినిల్లు మధ్యధరా సముద్రం తూర్పు దిక్కు. టర్కీ, క్రీట్, సైప్రస్, ఆ చుట్టుపక్కల. అక్కడ వానలు చలికాలంల పడ్తయి, ఎండకాలం చుక్క రాలది. అందుకే ఎండకాలమంత ఇది మన్నుల ఎండిపోయి పండుకుంటది. తొలివానకు ఉబ్బి మొలుస్తది. చలిల ఆకులు పెంచుకుంటది. ఎండ ముదరకముందే పూసి, మళ్ళ పండుకుంటది.

బాపు: అంటె దాని పంచాంగం మనదానికి ఎదురు.

వదిన: పూర్తిగ ఎదురు. పొడిగ ఉంటె మే నెల ఎండ గుడ ఈ గడ్డను ఏం చేయది. మన ఆషాఢం వాన చేస్తది. వెచ్చటి తడిల పెట్టినవంటె కొద్ది దినాలల్లనే కుళ్ళి చేతికి ముద్ద వస్తది.

బాపు: ఆషాఢంల ఎవలు పెడ్తున్నరు? చలికాలంలనే పెడ్త. అయితె మంచు పడే దేశాలల్ల ఇది ఎట్ల పెంచుతున్నరు మరి? నువ్వే చెప్పినవ్ గద, కెనడాల గుడ ఉందని.

వదిన: ఉంది. అక్కడ గుడ దీనికి సుఖం లేదు. సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు కిందికి పోతె తట్టుకుంటది. అంతకంటె దిగి, మన్ను లోపల్దాక గడ్డకడితె దుంప చచ్చిపోతది. అందుకని ఆ దేశాలల్ల ముందు చలికాలంల పెట్టరు. చలికాలం చివర్ల, బయట ఇంక మంచున్నప్పుడే, సల్లటి అర్రల తడి మట్టిల పెట్టి మొలకలు తీస్తరు. తర్వాత ప్లాస్టిక్ గుడారంల నాటి, రాత్రిపూట పల్చటి గుడ్డ కప్పుతరు. జూన్ ఎండలు వచ్చేలోపల పూయాలె. పూయకపోతె ఆ ఏడు పోయినట్టే.

బాపు: గంత చలి దేశంల గుడ ఎండకే భయపడాలెనా దీంతోని?

వదిన: అదే నేను చెప్పేది. దీనికి కావలసింది చలి కాదు మామా, చల్లదనం. అది గుడ విడవకుండ మూడు నెలలు. మంచుదేశపోళ్ళకు ఆ మూడు నెలలు మంచుకు ఎండకు నడుమ ఇరుక్కొని ఉంటయి. సోలన్‌ల మాకు సులువుగ దొరుకుతయి. నీకు ఇక్కడ దొరకయి.

బాపు: వాళ్ళు గుడ్డ కప్పి మంచు నుంచి కాపాడ్తున్నరు. నేను గుడ్డ కట్టి ఎండ నుంచి కాపాడ్త. ఏంది తేడా?

వదిన: శాన తేడా. పగలంత మన్ను వేడి పట్టుకుంటది, రాత్రి విడుస్తది. గుడ్డ కప్పితె ఆ వేడి బయటికి పోదు. చలి తగ్గించుడు అంత సులువు. ఎండకు గుడ్డ కడితె నీడ వస్తది, గాలి మాత్రం సల్లబడది. నీకు నేను చెప్పాల్నా? మిల్లుల నీళ్ళు కాగబెట్టుడు ఎంత సేపు, సల్లార్చుడు ఎంత సేపు?

ఇక్కడ బాపు లేచి కూర్చున్నాడు. జెట్ సంగతి ఎత్తితే ఆయనకు వయసు తగ్గుతుంది.

బాపు: అట్ల అడిగినవ్ గనుక చెప్త. పాలిస్టర్‌కు రంగు ఎక్కాల్నంటె 130 డిగ్రీలు. మూత బిగించిన మిషన్ల ఒత్తిడి పెట్టి తీస్కపోవాలె. ఒక్కపారి కాదు. నిమిషానికి ఒకటో రెండో డిగ్రీలు. 130 కాడ అరగంట పైన ఆపాలె. మళ్ళ మెల్లగ దించాలె. తొందరపడి దించినవనుకో, గుడ్డ తాకా అంత ముడతలు పడ్తది, ఇస్త్రీకి గుడ పోవు. పది డిగ్రీలు తక్కువ పోతె షేడ్ దిగది. ల్యాబోడిచ్చిన ముక్క పక్కన పెడితె వేరే రంగు లెక్క కనపడ్తది. డిగ్రీ అంటె ఏందో నాకు తెల్వదని అనకు.

వదిన: తెలుసు కాబట్టే నీతోని మాట్లాడుతున్న. వేరేటోళ్ళైతె ఇచ్చి పోదును. దీని షేడ్ కార్డు చెప్త విను. మొలక రావాలంటె అయిదు నుంచి పది డిగ్రీలు. పెరిగేటప్పుడు రాత్రి అయిదు ఆరు, పగలు పదిహేను పదహారు ఉంటె సంబురంగ ఉంటది. పగలు వరుసగ ఇరవై అయిదు దాటుతున్నదంటె, ఎండకాలం వచ్చిందనుకొని ఆకులు పసుపు చేసుకుంటది. సూరత్‌ల జనవరి రాత్రి ఎంత? సుమారు పదిహేను. పగలు ముప్పై. దీనికి పగలు ఉండాల్సింది నీకు రాత్రి ఉన్నది.

నాకు వదిన మాటే సరిగ్గా తోచింది. అంకెలు ముందు పెట్టాక ఇంక చెప్పడానికేముంది అనుకున్నాను. కానీ బాపు అంకెలకు లొంగే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు వాటితోనే కొట్లాడాడు.

బాపు: ఢిల్లీల ఎట్ల పూస్తున్నది మరి? రాష్ట్రపతి భవన్ తోట, అమృత్ ఉద్యాన్, ఫిబ్రవరిల టీవీల చూపెట్టిండ్రు. ట్యులిప్పుల పక్కన ఇదే ఉన్నది. ఢిల్లీ ఎండ మనకంటె ఎక్కువ. నలభై అయిదు పోతది.

వదిన: పోతది, గని ఎప్పుడు? మేల. అప్పటికి గడ్డ తవ్వి, ఆరబెట్టి, లోపల పెట్టేస్తరు. జనవరిల ఢిల్లీ రాత్రి ఏడెనిమిది, పగలు ఇరవై. ఎండకాలం ఎంత కాలిందన్నది దీనికి పట్టది. చలికాలం ఎంత సల్లగుందన్నదే లెక్క. ఢిల్లీకి సముద్రం దూరం. పొద్దు గూకంగనే నేల సల్లబడ్తది. మనకు డుమస్ ఒడ్డు పక్కనే. సముద్రం ఎండకాలం మనల్ని కాపాడ్తది. ఆ చెయ్యే చలికాలం చలిని ఆపుతది.

బాపు: సముద్రం పక్కన పూయదంటవా? మరి ఆ కాలిఫోర్నియా ఫోటో? కొంగు పరిచినట్టు పట్టీలు పట్టీలుగ ఉన్నదే, అది సముద్రం ఒడ్డే గద?

వదిన: కార్ల్స్‌బాడ్. యాభై ఎకరాలు, మార్చి నుంచి మే మొదటిదాక పూస్తది. 1930ల నుంచి అక్కడ ఒక కుటుంబం ఇవే పెంచింది. సముద్రం ఒడ్డే. గని అది పసిఫిక్ మామా, అక్కడ సల్లటి నీళ్ళ పాయ ఒడ్డు వెంబడే పారుతది. దాని మీదికెళ్ళి వచ్చే గాలి సల్లగుంటది. అరేబియా సముద్రం వెచ్చటిది. సముద్రం సముద్రం ఒకటి కాదు.

బాపు: సరే. మన దిక్కు? లంబసింగిల సున్నా దాక పోతదని పేపర్ల ఏటా రాస్తరు.

వదిన: అక్కడైతె నేను నీతోని కొట్లాడకపోదును. వెయ్యి మీటర్ల ఎత్తు, స్ట్రాబెర్రీలు పండిస్తున్నరు. పోయి అక్కడ పెడ్తనంటె రేపే టికెట్ చేపిస్త. నువ్వేమో పాండేసర స్లాబు మీద పెడ్తనంటున్నవ్. ఈ స్లాబు మీద చెయ్యి పెట్టు. పొద్దు గూకి గంటైంది, ఇంక కాలుతున్నది. ఆ మిల్లు గొట్టాల నుసి చూడు, అత్తమ్మ ఆరేసిన తెల్ల చీర మీద ఎట్ల పడ్డదో. ఆకుల మీద గుడ పడ్తది.

బాపు: తడిగుడ్డతోని రోజు తుడుస్త.

వదిన: మామా!

బాపు: తుడుస్త బిడ్డా. నాకేం పని ఉన్నది?

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. కింద గల్లీలో పగటి పాళీ దిగిన కుర్రాళ్ళు చాయ్ తాగుతున్నారు. అమ్మ పైకి వచ్చి బట్టలు తీసుకుని దిగిపోయింది. దిగుతూ, ఆ గడ్డలు వంటింట్లో మాత్రం పెట్టొద్దని చెప్పింది. అల్లంముక్కలనుకుని ఎవరైనా కూరలో వేస్తారని ఆమె భయం. ఆ భయం సరైనదే. ఈ మొక్క పచ్చిరసం తగిలితే చర్మం మండుతుంది, పశువులు తిన్నా ప్రమాదం. తోటలో కోతలప్పుడు చేతులకు తొడుగులు వేసుకుంటామని వదిన చెప్పింది.

తర్వాత వచ్చిన మాట వదినే తెచ్చింది. బాపును ఆపుదామనే తెచ్చింది.

వదిన: ఇంగ్లండు సంగతి చెప్త. వాతావరణం కలిసొస్తె ఏమైతదో దానితోని తెలుస్తది. 18వ శతాబ్దంల అక్కడ ఈ పువ్వుల మీద మస్తు మోజు. వందల రకాలుండె. కొన్ని జాతులను ఫ్లోరిస్టు పూలని పిలిచెటోళ్ళు. ట్యులిప్, కార్నేషన్, పింక్, ఆరిక్యులా, వాటితోని రానంకులస్. సంఘాలు పెట్టుకొని, పోటీలు పెట్టుకొని, రేకు ఎంత గుండ్రంగుందో కొలుచుకొని పెంచెటోళ్ళు. పెంచినోళ్ళు దొరలు, జమీందార్లు మాత్రమే కాదు మామా. శానమంది మగ్గం నేసెటోళ్ళు.

బాపు: మగ్గమా?

వదిన: చేతిమగ్గం. లంకషైర్ నేతగాళ్ళు ఆరిక్యులాలకు పేరుపొందిండ్రు. స్కాట్లండుల పైస్లీ అనే ఊరి నేతగాళ్ళు పింకు పువ్వుల రేకుల మీద అంచు వచ్చేటట్టు పెంచిండ్రు, చీర అంచు లెక్కనే.

బాపు: పైస్లీ మన మామిడిపిందె డిజైన్ గదనె. మాస్టర్ రోజు అనెటోడు, పైస్లీ స్క్రీన్ తే, పైస్లీ స్క్రీన్ తే అని. అది ఊరి పేరా?

వదిన: ఊరి పేరే. కాశ్మీర్ శాలువల మీది పిందెను చూసి ఆ ఊళ్ళె శాలువలు నేసిండ్రు. డిజైన్‌కు ఊరి పేరు పడ్డది. ఆ ఊరి నేతగాళ్ళే పూలు పెంచిండ్రు.

బాపు: మగ్గం ఇంట్లనే ఉంటది గద వాళ్ళకు. పోగు తెగితె లేసినప్పుడల్ల పోయి కుండీ చూసుకొని వస్తరు. ఎండొస్తె జరుపుతరు. వానొస్తె కప్పుతరు. మా నాయినది గుంటమగ్గం. గుంటల కాళ్ళు పెట్టుకొని కూసుంటె ఎదురుంగనే వాకిలి. వాకిట్ల బంతి చెట్లు. కండె అయిపోయినప్పుడల్ల లేసి చెంబెడు నీళ్ళు పోసి వచ్చెటోడు. గది నాకు యాదికున్నది.

వదిన: తర్వాత మరమగ్గాలు వచ్చినయి. వాళ్ళు కార్ఖానాలకు పోయిండ్రు. పువ్వుకేమో గంట గంటకు మనిషి కావాలె. ఆ పాత రానంకులస్ రకాలు శాన మటుకు పోయినయి.

ఈ మాట అన్నాక వదిన ఆగిపోయింది. తను ఎవరి పక్షాన మాట్లాడిందో ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

బాపు: ముప్పై ఒక్క ఏండ్లు, బిడ్డా. పన్నెండు గంటల పాళీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి పాళీ చేసి పొద్దుగాల వచ్చి పంటె సాయంత్రం లేసుడు. మీ అత్త తులసికి నీళ్ళు పోసేది. నేను ఎన్నడు పోయలే. ఎన్ని లక్షల పువ్వులు నా చెయ్యి కిందికెళ్ళి పోయినయో లెక్క లేదు. ఒక్క మొగ్గ విచ్చుకునుడు కూసొని చూడలే.

వదిన: అందుకే అంటున్న, నీకు పూసే చెట్టు పెట్టుకో. బంతి పెట్టు. గునుగు పెట్టు. ఏటా బతుకమ్మకు గునుగు దొరకదని అత్తమ్మ బాధపడ్తది. డాబా నిండ గునుగు పెడితె ఈ గల్లీల ఉన్న తెలుగోళ్ళందరి తాంబాలాలు నిండుతయి. తంగేడు గుడ ఈ నేలదే, గుజరాతీల ఆవళ్ అంటరు, తెచ్చి పెట్టొచ్చు. రెండు పువ్వులు తెలిసినయి, ఎండను తట్టుకుంటయి, నిన్ను బాధపెట్టయి.

బాపు: గునుగు పెడ్త. మీ అత్త కోసం పెడ్త. గని బిడ్డా, గునుగుకు నాతోని ఏం పని? నేను చూసినా మొలుస్తది, చూడకున్నా మొలుస్తది. మన ఊళ్ళె జొన్నచేన్ల పీకేసినా మొలిచేది. నాకు నన్ను అడిగే చెట్టు కావాలె.

వదిన: అడుగుతది. నువ్వు ఇయ్యలేనిదే అడుగుతది. ఫిబ్రవరిల ఒక్కదినం ముప్పై నాలుగు పోతది, మొగ్గ మీద ఉన్న మొక్క వాలిపోతది. అప్పుడు నీకు ఎట్లుంటది?

బాపు: ఇయ్యలేనిది అడిగిన పిల్లలను సాదినం. గప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉంటది.

వదిన చాలాసేపు పొట్లాన్ని చేతిలో తిప్పుతూ ఉంది. నేను కూడా ఆ పిల్లల్లో ఒకదాన్ని. నాకు కంప్యూటర్ కావాలన్నప్పుడు బాపు రెండు నెలలు ఆదివారాలు కూడా మిల్లుకు పోయాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

బాపు: మంచుగడ్డలు పెడ్త కుండీల చుట్టు. రోజు ఒక ట్రే.

వదిన: వద్దు. అది అన్నిటికంటె తప్పు. గంట సల్లగ, మళ్ళ గంట వేడి అయితె వేరు దెబ్బతింటది. నువ్వే అన్నవ్ గద, మెల్లగ ఎక్కాలె, మెల్లగ దిగాలె అని.

బాపు: మరి ఎట్ల? చెప్పు. చెయ్యొద్దని గంటసేపు చెప్పినవ్. ఎట్ల చెయ్యాల్నో ఒక్క మాట చెప్పలే.

వదిన పొట్లం విప్పింది. గడ్డలను ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. ఆరు తన వైపు, నాలుగు బాపు వైపు.

వదిన: నాలుగే. తక్కినయి నా వెంబడి వస్తయి. ఇవి ఇప్పుడే నానబెట్టకు. నవంబర్ నడుమల నానబెట్టు, నాలుగు గంటల కంటె ఎక్కువ వద్దు, నడుమ ఒకసారి నీళ్ళు మార్చు. తర్వాత తడి కొబ్బరిపొట్టుల పెట్టి, డబ్బాకు బొక్కలు చేసి, ఫ్రిజ్‌ల కూరగాయల అర్రల రెండు వారాలు. పొట్టు పిడికిట్ల పిసికితె నీళ్ళు కారొద్దు. పండ్ల పక్కన పెట్టకు. మూడు దినాలకొకసారి తీసి చూడు. బూజు పట్టినదాన్ని పారెయ్యి. తెల్ల వేర్లు కనపడంగనే తియ్యి.

బాపు: అప్పటికి డిసెంబర్ పడ్తది.

వదిన: పడాలె. రాత్రి దుప్పటి కప్పుకున్నంకనే నాటు. ప్లాస్టిక్ కుండీ వద్దు, నల్లది అసలే వద్దు. మట్టి కుండీ తే. మట్టి చెమర్చి కొంచెం సల్లగ ఉంచుతది, కూజ లెక్కనే. కుండీని స్లాబు మీద పెట్టకు, ఇటుకలు పేర్చి ఎత్తు మీద పెట్టు. తూర్పు పిట్టగోడ కాడ పొద్దటి ఎండ పదకొండు దాక చాలు. తర్వాత నీడల పెట్టు. నీళ్ళు పొద్దుగాలనే, మట్టికే, ఆకు మీద కాదు.

బాపు: నుసి?

వదిన: తుడువు. నువ్వే అన్నవ్ గద.

బాపు జేబులోంచి పాత షేడ్ కార్డు ఒకటి తీశాడు. మిల్లు మానేసి రెండేళ్ళయినా ఆ కార్డులు ఇంకా ఆయన జేబుల్లోనే తిరుగుతున్నాయి. వెనకవైపు ఖాళీ అట్ట మీద, బడిలో నేర్చిన గుండ్రటి తెలుగు అక్షరాల్లో, తారీఖులు రాసుకున్నాడు. నానబెట్టేది, ఫ్రిజ్‌లో పెట్టేది, తీసేది, నాటేది. నాటిన నాటి నుంచి తొంభై రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టి మార్చి మొదటి వారం అని రాశాడు. దాని ఎదురుగా ఏమీ రాయలేదు.

వదిన: కాడ ఇంతే వస్తది మామా, జానెడు. ఫోటోల ఉన్నట్టు మూరెడు రాదు. నాలుగిట్ల రెండు మొలుస్తయేమో. రెండిట్ల ఒకటి పూస్తదేమో.

బాపు: ఒక్కటి పూస్తె చాలు. ఎన్ని రేకులో లెక్కపెడ్త. మా స్క్రీన్ల ముప్పై రెండు ఉండె.

వదిన: వందకు పైన ఉంటయి.

బాపు: వందనా? అయితె డిజైన్ గీసినోడు శాన వదిలేసిండు.

ఆయన ఒక గడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని తిప్పి చూశాడు. ఒకవైపు బొచ్చులాంటి చిన్న మొన, ఇంకోవైపు వేలాడే ఎండు కాళ్ళు. మిల్లులో గుడ్డ తిరగా బోర్లా చూసినట్టే చూశాడు.

బాపు: నాటేటప్పుడు ఏది పైకి?

వదిన: బొచ్చు పైకి, కాళ్ళు కిందికి. రెండు అంగుళాల లోతు.

బాపు అది కూడా రాసుకున్నాడు.